అడిగి పంచిన వార్త

నాకు లోకం కబుర్లు మొదట తెచ్చిపెట్టింది మా పక్కింటి నాగమణక్క. పొద్దున దీపం పెట్టాక, అగ్గిపుల్ల పొగ వాసన పోకముందే ఫోన్ టింగుమంటే ఇప్పటికీ ఆమే ఏదో పంపిందనిపిస్తుంది. ఆమె పోయి రెండేళ్ళు.

మాది భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డు పల్లె, వెనకంతా అడవి. నేను బడి మొహం చూడలేదు. మా నాన్న ఇంట్లోనే భజన పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. ఆ పుస్తకం అవతల చదవడానికి ఎంత ఉందో చూపించింది నాగమణక్క. ఆమె బట్టలు కుట్టేది. మిషనుకు ఫోన్ ఆనించి వార్తలు వేలితో పైకి తోస్తూ, నచ్చింది కనబడగానే కాలు ఆపేసేది. "జానకీ, జల్దీ రా! తేనెటీగలు చిందులేసుకుంట ఒకదానికొకటి పూలకాడికి తొవ్వ చెప్పుకుంటయంట, సూడు!" అని గోడ మీదుగా కేకేసేది. తర్వాత వాడలోని ఆడవాళ్ళందరినీ ఒక గ్రూపులో చేర్చి, రోజుకొక్క మంచి సంగతి పంపేది. నాట్లు వేసుకుంటూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం.

ఒక వానాకాలం నాకెవరో వీడియో పంపారు. ఎర్రనీళ్ళు హోరున పొర్లుతున్నాయి. గోదారి కట్ట తెగింది, పారిపోండి అని కింద రాసి ఉంది. నాది గుడికి పోయేవాళ్ళ అలవాటు. చేతిలో ప్రసాదం పడితే కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకు పెట్టడమే తప్ప, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారని అడగం. ఆ వీడియో కూడా అలాగే గ్రూపులో పెట్టేశాను. నాట్లు సగంలో వదిలేసి, పిల్లలనూ మేకలనూ లాక్కుని అందరూ గుట్టెక్కారు. మా వాడలో పెద్దామె పోశవ్వ జారిపడితే మోకాలు చెక్కుకుపోయింది. తీరా చూస్తే అది ఎక్కడిదో, ఎప్పటిదో పాత వీడియో.

నాగమణక్క నన్ను తిట్టలేదు. "ప్రసాదమైతే అడగకుంట పంచు జానకీ. వార్తైతే అడిగి పంచు" అంది. "నడువు, ఇల్లిల్లూ తిరిగి తప్పైందని చెప్పు."

"గ్రూపులో పెడతా అక్కా."

"ఫోన్ల గాదు. మొకం జూసి చెప్పాలె."

ఇరవై గుమ్మాలు ఎక్కాను. మెడలో కొలతల టేపు వేలాడుతుండగా ఆమె ప్రతి గుమ్మం దగ్గరా నా వెనకే నిలబడింది. పోశవ్వ మోకాలికి పసుపు రాసుకుంటూ, "ఏంది బిడ్డా, మళ్ళ నీ ఫోన్ల గోదారొచ్చిందా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

పది రోజులకు నిజంగానే వరద వస్తుందని కబురు వచ్చింది. నాగమణక్క మండలాఫీసుకు ఫోన్ చేసి రెండుసార్లు అడిగి, "నువ్వే పెట్టు" అంది.

"నన్నెవరు నమ్ముతరక్కా? నా మీద అనుమానంతోని ఇండ్లల్లనే ఉండిపోతే?"

"తప్పైందని గడప గడపకు చెప్పినవు. ఇగ నువ్వు ఉత్తగ పెట్టవని వాళ్ళకెరుకే."

ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో, మేమే అడిగామని కూడా రాసి పంపాను. రాముణ్ణి తలుచుకుంటూ వాకిట్లో నిలబడ్డాను. కాసేపు ఎవరూ కదలలేదు. అప్పుడు పోశవ్వ మేకను పట్టుకుని కుంటుతూ బయటికొచ్చింది.

"ఈసారి అడిగే పెట్టినవా?"

"అవ్, అవ్వా. రెండుసార్లు అడిగినం."

"అయితే నడువు." ఆమె వెనకే వాడంతా కదిలింది. సాయంత్రానికి పల్లపు ఇళ్ళలో కిటికీల దాకా నీళ్ళు. లోపల ఒక్క మనిషీ లేదు. ఆ దేవుడి దయకు ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

ఇప్పుడు మా గ్రూపులో నాలుగు పల్లెల ఆడవాళ్ళున్నారు. వచ్చిన ప్రతిదీ చివరిదాకా చదువుతాను, తెలిసినవాళ్ళను అడుగుతాను, ఎక్కడిదో కింద రాస్తాను. మొన్న ఒకామె, "జానకమ్మ పెట్టిందంటే నమ్మొచ్చు" అంటుంటే విన్నాను. గర్వంగానే ఉంది, దాచుకోను. కానీ ఆ నమ్మకం నా ఒక్కదాని సంపాదన కాదు, నాగమణక్కది కూడా. ఇది చదివేవాళ్ళు ఆమెను చూసి ఉండరు. రేపు మీరెవరికైనా ఏదైనా పంపబోతూ, ఇది నిజమేనా అని ఒక్కరిని అడిగితే, అప్పుడొకసారి మా నాగమణక్కను తలుచుకోండి.