ఎడమ పక్క ఏమున్నది?

మెకానికల్ డిప్లొమా చేసి ఒక లారీల షెడ్డులో డ్రైవరు అప్రెంటిస్‌గా చేరాను. నెలనెలా జీతమిస్తూ నేర్పుతారు. చివర్లో నేర్పిన డ్రైవరు, అంటే ఉస్తాద్, సంతకం పెడితే సొంతంగా నడపడానికి బండి అప్పగిస్తారు. నాతోపాటు చేరినవాళ్లందరికీ ఆ సంతకం దొరికింది. నాకు మాత్రం దొరకలేదు.

"ఇంకా జర నేర్వాలె ఇంజినీర్ సాబ్," అనేవాడు మా ఉస్తాద్.

ఆయన నేర్పే పద్ధతి నాకు నచ్చింది. ఆయన నడుపుతుంటే నేను పక్కసీట్లో కూర్చొని ఎడమవైపు కనిపించేవన్నీ పైకి చెప్పాలి. బైకు, గుంత, కల్వర్టు గోడ, రోడ్డెక్కబోతున్న బర్రె. లారీకి ఆ వైపు కనిపించని భాగం ఎక్కువ కాబట్టి ఇది మంచి శిక్షణే అనుకున్నాను. ఒక వరుస కూడా పెట్టుకున్నాను: ముందు కదిలేవి, తర్వాత ఆగి ఉన్నవి, చివర బోర్డులు. కాసేపు ఊరుకుంటే చాలు, "రేడియో బందైందేందిరా?" అనేవాడు.

ఆ మధ్యాహ్నం ములుగులో సరుకు దించి ఖాళీ బండితో వరంగల్ వస్తున్నాం. వేడి మిర్చి బజ్జీ నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలి మాట రాలేదు. ముందు రోడ్డు ఎడమ అంచున వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. ఒకామె తల వంచుకొని వడ్లను కాళ్లతో తిరగేస్తోంది. లారీ ఎడమ కొస ఆమె మీదికే పోతోంది. ఉస్తాద్ వేగం తగ్గించడం లేదు.

బజ్జీ ఊసేసి అరిచాను. "మనిషి! ఉస్తాద్, మనిషి!"

రాళ్లను తాకుతూ బండి ఆగింది.

"నీ కండ్లు మండ! మనిషి కనవడ్తలేదా?" అని ఆమె అరిచింది.

"కనవడలే అక్కా," అన్నాడు ఉస్తాద్ మెల్లగా.

నేను ఆయన వైపు తిరిగాను.

"ఎడమ కంటిల పొర అచ్చింది రా. నువ్వు రాకముందు సందే."

ఆయన నడుపుతుంటే ఇన్నాళ్లూ దాటొచ్చిన వర్ధన్నపేట బజారు, నెక్కొండ రైలు గేటు గుర్తొచ్చాయి. దారిలో నేను నీళ్లు తాగిన ప్రతిసారీ, కునుకు తీసిన ప్రతిసారీ ఎడమ పక్క ఎవరూ చూడలేదన్నమాట.

"అందుకేనా సంతకం పెట్టలే?"

"నువ్వు పోతే నాకెవడు చెప్తడు?" అన్నాడు. "రేపే పెడ్త. షెడ్డుల మాత్రం చెప్పకు, డ్యూటీ పోతది."

"తాళం ఇటియ్యి ఉస్తాద్."

ఆయన తాళం ఇచ్చి పక్కసీట్లోకి జరిగాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చొని బండి తీశాను.

"ముందు కన్ను బాగు చేయించుకో. సంతకం తర్వాత. షెడ్డుల నువ్వే చెప్పు, లేకుంటే నేను చెప్త."

వరంగల్ వచ్చేదాకా నేను అలవాటుగా ఎడమ పక్కవి చెబుతూనే ఉన్నాను. ఆటో. గుంత. ఆగిన ట్రాక్టర్.

"బండి నువ్వే నడుపుతున్నవ్ కదరా, ఎవరికి చెప్తున్నవ్?"

"నీకే. ఎడమ పక్క కంటి దవాఖాన బోర్డు," అని ఇండికేటర్ వేశాను.