నసీమున్నీసా చెరిపిన సంఖ్య

నసీమున్నీసా బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది. పర్చూరు పొగాకు రైతు కూతురు. పెళ్లి వద్దనుకుంది. లెక్కలనే కట్టుకుందని బంధువులు కొంచెం జాలిగా, కొంచెం ఎగతాళిగా అనేవాళ్లు.

ఒక మధ్యాహ్నం పిల్లలు కునికిపాట్లు పడుతుంటే బోర్డు మీద 73939133 అని రాసింది.

"ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, ఇదీ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదు. ఇప్పుడు చూడండి" అని చివరి 3 చెరిపింది. "7393913. ఇదీ ప్రధానమే."

మళ్లీ చెరిపింది. 739391. అదీ అంతే. చెరుపుతూ పోతే ఆఖరికి 7 ఒక్కటే మిగిలింది. అదీ ప్రధానమే. పిల్లలు నిటారుగా కూర్చున్నారు.

"తొమ్మిదో అంకె తగిలిస్తే మేడమ్?"

"తగిలించి చూడండి. సరి అంకెలు, 5 ఎలాగూ కుదరవు. 1 గానీ 7 గానీ పెడితే మూడో ఎక్కంలో పోతుంది. 3, 9 పెట్టినా భాగించేవి దొరుకుతాయి. ఇలా చెరపగలిగిన వాటిలో ఇంతకంటే పెద్దది లేదు."

సీసీ కెమెరాలో ఇదంతా చూసిన డైరెక్టర్ నాగేంద్రబాబు ఆమెను పిలిపించాడు.

"ఇది ఏ పేపర్లో వస్తుందండీ?"

"రాదండి."

"మరి క్లాసెందుకు పాడుచేశారు?"

మరుసటి నెల టైమ్‌టేబుల్లో ఆమె పేరు లేదు.

తమ్ముడు బాషా ఇంట్లో ఉంటూ ట్యూషన్లు చెప్పుకుంటున్న ఆమెకు ఫోన్లో ఒక వీడియో కనబడింది. అదే సెంటర్. కోటు వేసుకున్న కొత్త లెక్చరరు అదే సంఖ్యను అలాగే చెరిపి, "ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య ఇదే!" అని అరిచాడు. ఆమె ఉండబట్టలేక నాగేంద్రబాబుకు ఫోన్ చేసింది.

"అది తప్పండి. ప్రధాన సంఖ్యలకు అంతే లేదు. ఇలా చెరపగలిగిన వాటిలో పెద్దది అనాలి."

"అంత పొడుగు చెబితే ఎవరు చూస్తారు మేడమ్? వీడియో బ్రహ్మాండంగా పోతోంది" అని పెట్టేశాడు.

ఆ వీడియో చూసి బాషా తన కూతురు అర్ఫాను అక్కడ చేర్పిస్తానన్నాడు. నసీమున్నీసా మేనకోడల్ని పిలిచి, కాగితం మీద 2147483647 రాసి చూపించింది.

"ఇదీ ప్రధానమే. వాళ్లు చెప్పినదానికంటే ఎన్నో రెట్లు పెద్దది."

"నిన్ను తీసేశారని కోపం కదా అత్తా" అంది అర్ఫా.

కోపం లేదని ఆమె అనలేకపోయింది. ఉందంటే ఆ పిల్లకు లెక్క కూడా అబద్ధమైపోతుంది. వంటింట్లోకి వెళ్లింది.

చేరే రోజు బాషాకు మిర్చియార్డులో పని పడింది. అర్ఫాను నసీమున్నీసాయే తీసుకెళ్లాల్సి వచ్చింది. నాగేంద్రబాబు గుమ్మంలోకి ఎదురొచ్చాడు.

"రండి రండి, మీ పిల్లను కూడా మాకే అప్పజెబుతున్నారన్నమాట! ఒక్క ఫొటో మేడమ్."

అర్ఫా సంబరంగా పక్కన నిలబడింది. నసీమున్నీసాకు వద్దనడానికి నోరు రాలేదు.

పది రోజులు తిరక్కుండా ఆ ఫొటో పర్చూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీగా లేచింది. నసీమున్నీసా తల పక్కన 73939133, దాని కింద 'ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య'.

ఆ సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. "ఊరంతా చూస్తున్నారే. ఎంత బాగా పడ్డావో!"