మా అత్తను ఎక్కించిన బల్ల

నా చిన్నప్పుడు మేము పరాయి దేశంలో, సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో, ఏటి ఒడ్డున ఉన్న కూలీల ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఏటా వానలు ముదరక ముందే మా మేనత్త ఇంటిని వరదకు సిద్ధం చేసేది. బియ్యం, అగ్గిపెట్టెలు రేకు డబ్బాల్లోకి, దుప్పట్లు అటక మీదికి వెళ్ళేవి. కోళ్ళగూడు గుట్ట మీద రబ్బరు పలకలు ఆరబెట్టే పొగ ఇంటి పక్కకు చేరేది.

ఆ తరువాతే అసలు సంబరం. అత్త పళ్ళెం మోగించి, ఏరు వచ్చేసిందని కేకపెట్టి, బల్ల మీద చతికిలపడేది. తనకు కాళ్ళు పడిపోయాయట, పిల్లలం మేము నలుగురం తనను బల్లతో సహా గుట్ట ఎక్కించాలట. అత్త దిట్టమైన మనిషి. మేము రొప్పుతూ, దించుతూ, ఎత్తుతూ వెళ్తుంటే, ఆవిడ పల్లకీలో పెళ్ళికూతురిలా కులుకుతూ కూర్చునేది. పైకి చేరాక వేయించిన వేరుశనగలు, బెల్లం పెట్టేది.

ఒక ఏడు పెద్దవాళ్ళంతా రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళిన పొద్దున, పైకొండల్లో కురిసిన వానకు నిజంగానే ఏరు పొంగింది. నీళ్ళు గుమ్మం దాటుతుంటే మా అక్క పళ్ళెం మోగించింది. బయటికి వచ్చి చూస్తే, పక్కింటి తమిళ ముసలమ్మ గడప మీద కూర్చుని, మమ్మల్ని వెళ్ళిపొమ్మని చేతులూపుతోంది. మేము పాటి, అంటే అవ్వ, అని పిలిచే ఆవిడ నడవలేని మనిషి.

ఎవరమూ ఆలోచించలేదు. బల్ల తెచ్చాం, పాటిని ఎక్కించాం, తలో మూల పట్టుకున్నాం. తీరా లేపితే మా అత్తలో సగం బరువు కూడా లేదు! మోకాలిలోతు నీళ్ళలో దాదాపు పరుగెత్తాం. "మెదువా, మెదువా," నెమ్మదిగా అని మొదట మొత్తుకున్న పాటి, గుట్ట సగం ఎక్కేసరికి పడీపడీ నవ్వింది.

చుట్టుదారిన పరుగున వచ్చిన అత్త మమ్మల్నీ, కోళ్ళ మధ్య కూర్చున్న పాటినీ చూసి, బురదలోనే కూలబడి నవ్వుతూ ఏడ్చింది. ఏటా ఆడించిన ఆ ఆట పాటి కోసమేనని ముందే ఎందుకు చెప్పలేదని తరువాత అత్తను అడిగాను.

"సెప్తే ఆ ముసిలమ్మ సిగ్గుపడిపోద్దే. నన్ను మోస్తే అందరూ నవ్వుకుంటారు గదా," అంది.

ఇప్పుడు నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మెట్ల దగ్గర మనవరాలు చెయ్యి చాపితే, వద్దనబోయి ఆగిపోతాను. ఒకరి సాయం తీసుకోవడాన్ని కూడా సరదాగా మార్చవచ్చని ఆ రోజు తెలుసుకున్నాను. ఆ చెయ్యి పట్టుకుని, కావాలనే కాస్త ఎక్కువ బరువు మోపుతాను. అది కిలకిలా నవ్వుతుంది.