అండాలు టీచర్ పెత్రమాస లెక్క

నిన్న సాయంత్రం దవాఖాన నుంచి ఇంటికి వస్తుంటే నల్లగొండ బస్టాండు ముందర తంగేడుపూల మోపులు దిగుతున్నాయి. తడిసిన గోనెసంచుల్లోంచి పచ్చి తంగేడు వాసన, కొంచెం చేదుగా, ముక్కుకు తగిలితే చాలు, నాకు కాలు ఒక్కచోట నిలవదు. పక్కనే చిక్కుడుకాయలు, చామగడ్డలు, గుమ్మడికాయ ముక్కలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. రేపు పెత్రమాస, పెద్దల అమావాస్య. పోయిన పెద్దల పేర్లు చెప్పి పొద్దున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. సాయంత్రం అవే చేతులతో ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తాం. లోకానికి యేడాది డిసెంబరులో ముగుస్తుంది కానీ నాకు పెత్రమాసకు ముగుస్తుంది. మా వంశవృక్షం ముందర వేసుకొని, పోయిన యేడు ఏం చేస్తానన్నాను, ఏం చేశాను, వచ్చే యేడు ఏం చేయాలి అని లెక్క చెప్పుకునే రోజు అది. ఈ పిచ్చి నాకు అంటించింది అండాలు టీచర్. ఆమె ఈ భాద్రపదంలో పోయింది. ఇప్పుడు నన్ను నిలదీసేవాళ్ళు లేరు, నాకు నేనైతే అడగకముందే మాఫీ చేసేసుకుంటాను.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి యేండ్లలో నాకు దేవరకొండ దవాఖానలో ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చింది. మా ఆయన కొలువు నల్లగొండలో. వారమంతా దేవరకొండలో కిరాయి గదిలో ఉండి శనివారం ఇంటికి పోయేదాన్ని. ఆ గది అండాలు టీచర్ ఇంట్లోది. బడిలో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. సన్నగా, పొడుగ్గా ఉండేది, కూర్చున్నచోట కుదురుగా కూర్చునేది కాదు. అన్నం తింటూ తింటూ లేచిపోయి గేటు వేసి వచ్చేది. వేసి ఉన్న గేటునే మళ్ళీ వేసేది. "జర కూసోండి టీచర్" అంటే, "కూసుంటే పాణం కొట్టుకుంటది బిడ్డా" అనేది. నాకేమో ఆమెను చూస్తుంటేనే ఆయాసం వచ్చేది.

ఆ ఇంట్లో నా మొదటి పెత్రమాసకు ముందురోజు ఆమె అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేనూ పోయి సాయం కూర్చున్నాను. ఉన్నట్టుండి అడిగింది, "మీ అవ్వ పేరేంది?"

"రాములమ్మ, మా బాపు వాళ్ళమ్మ."

"ఆమె తల్లిగారిల్లు?"

"కేతేపల్లి దిక్కే టీచర్. ఏదో ఊరు."

ఆమె చేయి ఆగింది. "ఏదో ఊరా? దవాఖానల మంది వస్తే గిట్లనే ఇస్తవా, ఏదో గోలి అని?"

నాకు తల కొట్టేసినట్టయింది. తాతల పేర్లు గడగడా చెప్పగలను, భూముల పుణ్యమా అని ఇంట్లో అవి ఎప్పుడూ వినబడేవే. వాళ్ళను కన్న ఆడవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో అడిగితే మాత్రం తెల్లముఖం. ఆ శనివారం నల్లగొండకు పోకుండా కేతేపల్లికి పోయాను. మా అవ్వ పుట్టిన ఊరు పేరు, వాళ్ళమ్మ పేరు పట్టుకొని వచ్చి, పరీక్ష పాసైన పిల్లలా టీచర్ ముందు నిలబడ్డాను. "మంచిది. మరి ఆమె అమ్మ?" అంది. శభాష్ అనేటందుకు నోరు రాని మనిషి.

వంశవృక్షం రాయనిచ్చేది కానీ, యేడాది పనులు మాత్రం కాగితం మీద రాసుకోనిచ్చేది కాదు. "రాసుకుంటే సగం పనైనట్టే అనిపిస్తది. నోటితోని చెప్పు. చెప్పిన మాట నిద్ర పట్టనియ్యదు" అనేది. పెత్రమాస ముందురోజు ఇద్దరం కూరగాయలు తరుగుతూ ఒకరికొకరం లెక్క చెప్పుకునేవాళ్ళం. రెండో యేడు నేను చాలా ధీమాగా కూర్చున్నాను. మా కాక ఒకాయన ఫోన్లో పంపిన ఏడు తరాల పేర్లు తెచ్చాను. మూలపురుషుడు గుర్రం మీద వచ్చాడట, ఎవరో రాజు భూమి ఇచ్చాడట. టీచర్ కండ్లద్దాలు పైకి తోసుకొని చూసింది.

"ఎవలు చెప్పిన్రు?"

"మా కాక."

"ఆయనకెవలు చెప్పిన్రు? చూసినోళ్ళున్నరా?"

"ఏడు తరాల కిందటి మనిషిని ఎవలు చూస్తరు టీచర్?"

"గందుకే చెప్తున్న. చూసినోళ్ళు చెప్పింది పెన్నుతోని రాయి. విన్నోళ్ళు చెప్పింది పెన్సిల్‌తోని రాయి. రెండూ ఒక్క తీరుగ రాస్తే అది అబద్ధమే." కత్తిపీట పక్కకు జరిపి ఇంకో మాట కూడా అంది. "సచ్చినోళ్ళు ఇగ యాడికి పోరు బిడ్డా. బతికున్నోళ్ళే పోతరు. ముందుగాల వాళ్ళ దగ్గరికి పో."

గుర్రం మీది తాతను పెన్సిల్‌లోకి దించడానికి నాకు మనసు ఒప్పలేదు. రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. తర్వాత దించాను.

బియ్యం ఇచ్చేది మామూలుగా ఇంటి మగవాళ్ళు. టీచర్ తానే ఇచ్చేది. ఆడవాళ్ళు ఇస్తారా అని అయ్యగారు ఒకసారి సణిగితే, "పైన తీస్కునేటోళ్ళే అడుగుతలేరు, మీకెందుకు ఫికర్?" అందట. ఆ యేడు పళ్ళెం పట్టుకొని నేనూ వెంట పోయాను. తండ్రి పేరు, తల్లి పేరు, అన్న పేరు, భర్త పేరు గట్టిగా చెప్పింది. చివర "అక్క, లచ్చమ్మ" అనేటప్పుడు గొంతు దిగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో అడిగితే, ఆగకుండా నడుస్తూనే చెప్పింది.

లచ్చమ్మ ఆమెకంటే ఆరేడేండ్లు పెద్దది. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చింది. అచ్చంపేట దిక్కు నుంచి చింతపండు అమ్మవచ్చే బాలయ్య అనే ఆయనతో ఒకరోజు మారుమనువు వెళ్ళిపోయింది. ఇంటి పెద్దవాడైన అన్న, "అది మనకు సచ్చింది" అని తలస్నానం చేశాడు. మరుసటి పెత్రమాసకు తల్లిదండ్రుల పేర్లతో పాటు ఆమె పేరు మీదా బియ్యం ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి యేడూ ఇచ్చాడు. అన్న పోయాక టీచర్ అందుకుంది.

నేను నోరు ఊరుకోక అడిగాను. "ఆమె సచ్చిపోయిందని మీ అన్నకు ఎవలు చెప్పిన్రు టీచర్?"

ఆమె నడక ఆగిపోయింది. నేను చూస్తుండగా ఆమె నడక అలా ఆగడం అదే మొదలు. "ఎవలో చెప్పే ఉంటరు" అంది. ఆమె నేర్పిన మాటను ఆమె మీదికే ఎక్కుపెట్టానని నాకు అప్పుడు తట్టింది. కోపంలో అన్న మాట అది. యేడాదికోసారి బియ్యం పోసీ పోసీ ఇల్లంతా కలిసి దాన్ని నిజం చేసేశారు. ఇచ్చిన బియ్యానికి అర్థం ఉండాలంటే మనిషి పోయి ఉండాలి కదా.

ఆ తర్వాత నుంచి మా లెక్కల్లో ఆమె వంతు మొదటి మాట, "అచ్చంపేట పోవాలె." మరుసటి యేడు "పోయినవా?" అని అడగాల్సింది నేను. నేను నోరు తెరవకముందే ఆమె గేటు వేయడానికి లేచేది. ఒక యేడు మోకాళ్ళన్నది, ఒక యేడు ఎండలన్నది. కరోనా వచ్చిన యేడు సాకు దానంతటదే దొరికింది. ఊళ్ళు పట్టుకు తిరగమని నన్ను తరిమే మనిషి, బస్సుకు పూట ప్రయాణమైన ఊరికి పోలేకపోయింది. నాకు జాలి కంటే చిరాకే ఎక్కువగా వేసేది.

కరోనా తగ్గిన తర్వాతి పెత్రమాసకు మళ్ళీ పళ్ళెం పట్టుకొని నిలబడ్డాం. నాలుగు పేర్లు అయ్యాయి. అయ్యగారు, "ఇంకెవరమ్మా?" అన్నాడు. ఆమె పెదవులు కదిలాయి, పేరు రాలేదు. వెనక వరసలో వాళ్ళు గొణుగుతున్నారు. "గంతే" అని పళ్ళెం కింద పెట్టి గబగబా వచ్చేసింది. ఆ రోజంతా గేటు దగ్గరికి పోతూ వస్తూనే ఉంది. తెల్లవారి నేను పండ్లు తోముకుంటుంటే చేతిసంచితో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నడువు" అంది.

"యాడికి?"

"గిప్పుడు పోకుంటే నేను ఇగ పోను."

డిండి దాటేలోపు బస్సులో మూడు సీట్లు మారింది. "ఉంటే ఏమనాలె? లేకుంటే ఎవల్ని ఏమడగాలె?" అని నన్ను కాదు, కిటికీని అడిగింది. అచ్చంపేటలో చింతపండు వ్యాపారం చేసే దుకాణాల్లో బాలయ్య పేరు చెప్పి అడుగుతూ పోయాం. ఒక ముసలాయనకు గుర్తుంది. ఆయన చెప్పిన పల్లె అడవి అంచున ఉంది. ఆటో దిగి అడిగితే ఒక పిల్ల, "లచ్చవ్వనా? గా ఇల్లే" అని చేయి చూపింది. ఉంది అని అర్థమైంది. టీచర్ నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా.

వాకిట్లో ఒక ముసలామె మక్కకంకులు ఒలుస్తోంది. ముఖం చూడగానే అదే పొడుగు ముక్కు.

"ఎవలు?" అంది.

"నేనక్కా. అండాలును."

ఆమె కంకి ఒలవడం ఆపలేదు. "అన్న పంపిండా?"

"అన్న పోయిండు. శాన యేండ్లయింది."

కంకి కింద పెట్టింది. అప్పుడు టీచర్, కనీసం కూర్చోకుండా, నిలబడే అంతా చెప్పేసింది. "నువ్వు సచ్చినవన్నడక్కా. నీ పేరు మీద బియ్యమిచ్చిండు. ఆయన పోయినంక నేను గూడ ఇచ్చిన. నిరుటి దాక ఇచ్చిన."

ముసలామె చెల్లెల్ని కింది నుంచి మీదికి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "గందుకేనా, పెత్రమాస వచ్చిందంటే నాకు కడుపు నిండుగ ఉండేది!"

నవ్వు ఆగాక లోపలికి పోయి పళ్ళెంలో బువ్వ, పప్పుచారు తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. "తిను. గిన్నేండ్లు నాకు నువ్వు పెట్టినవు. ఇయ్యాల నేను పెడ్త."

టీచర్ తింది. ఒక్కసారి కూడా లేవలేదు. కండ్లనీళ్ళు పళ్ళెంలో పడుతున్నా తుడుచుకోకుండా తింది. లచ్చమ్మ ఎదురుగా కూర్చొని చూసింది. పళ్ళెం ఖాళీ అయ్యాక మాత్రం వదల్లేదు.

"అన్న సంగతి సరే. నేను బతికే ఉంటనని నీకు ఎన్నడూ అనిపియ్యలేదా? నిజం చెప్పు."

"అనిపిచ్చింది. తెల్సుకుంటే రావాల్సొస్తదని భయమైంది" అంది టీచర్.

"సదువుకున్నదానివి" అంది లచ్చమ్మ. ఆ మాటలో ఎంత కోపముందో అంత ప్రేమ కూడా ఉంది. ఏది ఎక్కువో నాకు ఇప్పటికీ తెలియదు.

అటు తర్వాత టీచర్‌కు అచ్చంపేట బస్సు అలవాటైంది. నాకు నల్లగొండకు బదిలీ అయినా, పెత్రమాస ముందురోజు మా లెక్క ఫోన్లో సాగేది. ఆమెకు ఇంక తాతల మీద ధ్యాస పోయింది. "అక్కకు కండ్ల ఆపరేషన్ చేయించిన. అక్క మనుమరాలికి సీటొచ్చింది" అని బతికున్నవాళ్ళ లెక్కే చెప్పేది. నేను కొత్తగా దొరికిన పేర్లు చెబితే, "ఆఁ, మంచిది, వాళ్ళేమన్న ఉరుకుతరా?" అనేది.

ఈ భాద్రపదంలో జ్వరమని పడుకొని, మూడో రోజు లేవలేదు. అన్న కొడుకులు వచ్చి అన్నీ జరిపించారు. లచ్చమ్మకు కబురు ఫోన్లో చెబుతామన్నారు. ఫోన్లో చెప్పే మాట కాదని నేనే పోయాను. అదే వాకిలి. నన్ను ఒక్కదాన్ని చూసి, నేను చెప్పకముందే ముసలామె తల పక్కకు తిప్పుకుంది. అటే చూస్తూ, "బాధపడ్డదా?" అని అడిగింది. లేదన్నాను. పోయేముందు రోజు గ్లూకోజు ఎక్కుతుంటే కూడా గేటు వేశారా అని అడిగిందని చెప్పాను. నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టీచర్ ముందు ఏడవడానికి ఎప్పుడూ ధైర్యం చాలేది కాదు. అదంతా ఆ వాకిట్లోనే తీరింది.

వచ్చేటప్పుడు లచ్చమ్మ అంది, "ఇగ నువ్వెందుకొస్తవులే బిడ్డా. నీకు నేనేమైత?"

ఆమె నాకు ఏమవుతుందో నాకూ తెలియదు. మా వంశవృక్షం ఎంత గీసినా ఆమెను రాయడానికి కొమ్మ లేదు. "వచ్చే యేడు తప్పకుండ వస్త అవ్వా" అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "యేడాది లెక్కలు మీ నౌకరీ చేసేటోళ్ళయి. నేను నెల లెక్క మనిషిని. వచ్చే నెల రా."

ఈ రాత్రి లెక్క చెప్పుకోవాలి. పోయిన పెత్రమాస నుంచి దొరికిన పేర్లు పద్నాలుగు, అన్నీ పోయినవాళ్ళవే. వచ్చే యేడు దొరకాల్సినవి కూడా అనుకొని పెట్టుకున్నాను, మా అమ్మ వైపు మరో తరం, కేతేపల్లి నుంచి వలసపోయిన ఒక శాఖ. వాళ్ళు ఆగుతారు. రేపు టీచర్ పేరు మీద బియ్యం ఆమె అన్న కొడుకులు ఇస్తారు, అది వాళ్ళ పని. నాది, బతుకమ్మ ఆడి వచ్చాక అచ్చంపేట పోవడానికి నెలకో ఆదివారం సంగతి మా ఆయనతో మాట్లాడుకోవడం. వచ్చే యేటికి నేనేమీ అనుకోలేదు. వచ్చే నెల అచ్చంపేట పోవాలి.