ఎలుకల ఒక్కపొద్దు

నాకు ఎలుకలంటే ప్రేమ లేదు, జాలి అంతకన్నా లేదు. డెబ్బైల మధ్యలో నా ఈడు ఆడపిల్లలు అత్తగారిళ్ళలో పప్పు కడుగుతుంటే, నేను బాలానగర్ ఫ్యాక్టరీల అవతల ఒక ప్రయోగశాలలో తెల్ల ఎలుకల కాలేయాలు కడుగుతూ కూర్చున్నాను. ఆ వాసన చేతికి పట్టిందంటే ఎన్ని సబ్బులు మార్చినా వదిలేది కాదు. అప్పుడు మా చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఆమె నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు, కంచం వసారాలోకే తెచ్చి పెట్టేది. దానికి నేనేమీ నొచ్చుకోలేదు. నా కోపమంతా ఇంకో మనిషికే ఖర్చయిపోయేది, చిన్నమ్మ వాటాకు ఏమీ మిగిలేది కాదు.

ఆ మనిషి మా సారు, నా పరిశోధనకు గైడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా "అన్నారు", "వచ్చారు" అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కాబట్టి "అన్నాడు", "వచ్చాడు" అనే రాస్తాను. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు. తనకన్నా పైవాళ్ళ దగ్గర ప్రతి మాటకూ ఒక "అండి" తగిలించేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ "అండి" ఎక్కడికో మాయమైపోయేది. మాది తెల్లాపూర్. అప్పుడక్కడ జొన్నచేలు, రాళ్ళగుట్టలు, మధ్యలో ఊరు, అంతే. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడి మాకు ఒక ఏడాది చదువు పోయింది. సారు మొదటిరోజే దాన్ని పట్టుకున్నాడు.

"మీవాళ్ళు రోడ్లమీద పడి అరిచారుగా, పోయిందిగా ఏడాది. ఇక్కడ మాత్రం అరిస్తే కుదరదు," అన్నాడు.

తర్వాత చూస్తే, అక్కడ రోజూ అరిచేది ఆయనొక్కడే.

మా పని ఇన్సులిన్ రిసెప్టర్ మీద. తెలుగు పుస్తకాల్లో దాన్ని గ్రాహకం అంటారు. కణం పైపొరలో కూర్చుని ఉండే ప్రోటీన్ అది. రక్తంలో తిరిగే ఇన్సులిన్ కణం లోపలికి చొరబడదు, బయటే ఈ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నాకే కణానికి కబురు అందుతుంది, అది చక్కెరను వాడుకోవడం, దాచుకోవడం మొదలుపెడుతుంది. గ్రాహకం లేకపోతే ఇన్సులిన్ ఎంత ఉన్నా చెవిటివాడి ముందు మాట్లాడినట్టే. అందులో నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. ఈ గ్రాహకాల లెక్క ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎలుక పీకలదాకా తిని ఇన్సులిన్ అదేపనిగా మీద పడుతుంటే, కణం తన గ్రాహకాలను తగ్గించుకుంటుంది. ఎలుకను పస్తు ఉంచితే ఇన్సులిన్ తగ్గిపోయి, పైపొర మీద గ్రాహకాలు పెరుగుతాయి. సారు అరుపుల కింద నేనూ ఆ తిన్న ఎలుక కణంలాగే బతికాను. ఏడాది తిరిగేసరికి ఆ గొంతు నాకు సగమే వినపడేది.

నేను చెయ్యాల్సింది తిన్న ఎలుకల కాలేయాన్నీ, పస్తున్న ఎలుకల కాలేయాన్నీ పోల్చి చూడటం. కాలేయాన్ని మంచు మీద పెట్టి నూరి, యంత్రంలో గిర్రున తిప్పి, కణాల పైపొరలను వేరు చేయాలి. బొంబాయి నుంచి విమానంలో వచ్చే రేడియోధార్మిక ఇన్సులిన్‌ను వాటికి కలపాలి. పొరలకు ఎంత అంటుకుందో లెక్కపెట్టే యంత్రం టిక్కుటిక్కుమంటూ చెబుతుంది. అంటుకున్నదాన్నిబట్టి గ్రాహకాలు ఎన్నున్నాయో తేల్చుకోవచ్చు. మొదటి విడత, జంతుశాలలో పస్తు సంగతి చెప్పడం దగ్గర్నుంచి, అంతా నేనే చేశాను. పస్తున్న ఎలుకల్లో లెక్క పైకి పోయింది, తిన్నవాటికన్నా బాగా పైకి. ఆరోజు బస్సు కోసం నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ ఫలితాన్ని సెమినార్‌లో చెప్పాను. సెమినార్ ఇంగ్లీషులోనే జరిగేది కానీ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి జారేది. ఎలుకలను పస్తు ఎలా ఉంచావని ఎవరో అడిగారు. నేను ఆలోచించకుండా, "ఒక్కపొద్దు ఉంచిన సార్," అన్నాను.

గది గొల్లుమంది.

"ఒక్కపొద్దా?" అన్నాడు సారు, అందరి వైపూ తిరిగి. "శివరాత్రికి జాగారం కూడా చేయించావా ఎలుకల చేత? కొబ్బరికాయ ఎవరు కొట్టారమ్మా?"

నవ్వినవాళ్ళ పళ్ళు ఇప్పటికీ నాకు గుర్తు. ఆ రోజే సారు ఒక హుకుం జారీ చేశాడు. ఇకమీదట జంతుశాలకు ఏం చెప్పాలన్నా తనే చెబుతాడు, మంచి తెలుగులో చెబుతాడు. నేను అక్కడ నోరు విప్పకూడదు.

జంతుశాలలో బోనులు చూసుకునే మనిషి మా వైపు పల్లెవాడే. వయసులో పెద్ద, అందుకని కాకా అని పిలిచేదాన్ని. మంచివాడని మాత్రం చెప్పలేను. మేమందరం కసాయివాళ్ళమని అతని నమ్మకం, ఆ మాట మొహం మీదే అనేవాడు. సారు తలుపు దగ్గర నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏమోయ్, ఈ వరుసంతా ఎల్లుండి పొద్దుటిదాకా ఉపవాసం. తెలిసిందా?" అన్నాడు. కాకా తల ఊపాడు. సారు వెళ్ళిపోయాడు. 

రెండో విడతలో పస్తున్న ఎలుకలకూ తిన్న ఎలుకలకూ తేడా లేదు. మూడో విడతలోనూ లేదు. నేను కుదురు తప్పిపోయాను. ఉప్పునీళ్ళు మళ్ళీ కలిపాను, గాజుసామాను మళ్ళీ కడిగాను, ఇన్సులిన్ పాడైందేమోనని పాత సీసాతో పోల్చి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సారు లెక్కలు చూసి నన్ను సెమినార్ గదిలోనే, అందరి ముందే లేపాడు.

"మొదటిసారి వచ్చింది, తర్వాత రాలేదు. అంటే ఏమిటి? మొదటి అంకెలు నువ్వు వండి వార్చావు. ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే నీ ఫెలోషిప్ ఆపించి పంపించేస్తాను. తెల్లాపూర్లో జొన్నలు దంచుకో."

ఫెలోషిప్ పోతుందన్న భయం ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఇంటికి వెళ్ళాక వసారాలో కంచం ముందు కూర్చుంటే నన్ను తిననివ్వనిది "వండి వార్చావు" అన్న మాటే. పరిశోధనలో ఉన్న మనిషికి అంతకన్నా దొంగ అనిపించుకోవడం నయం. దొంగతనం ఒక వస్తువుతోనే పోతుంది. అంకెలు వండినవాళ్ళు అంతకుముందు చేసింది, ఇకముందు చేసేది అన్నీ అబద్ధాలే అయిపోతాయి. ఆ మాటను ఏ గదిలో అన్నాడో అదే గదిలో ఆయన వెనక్కి తీసుకునేలా చేయాలని ఆ పూట నిర్ణయించుకున్నాను.

నాలుగో విడతకు సారు మళ్ళీ ఉపవాసం చెప్పివచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం నేను హుకుంను పక్కన పెట్టి జంతుశాలకు వెళ్ళాను. ఉపవాసం వరుసలో ఎలుకలు ముందుకాళ్ళతో ఏదో పట్టుకుని కులాసాగా కొరుకుతున్నాయి. దగ్గరికెళ్ళి చూశాను. ఉడికించిన గెనుసుగడ్డ, సారు తెలుగులో చిలగడదుంప. బోను మూలన అరటిపండు ముక్కలు.

"కాకా! ఏంది గిది?" అని అరిచాను. సారు గొంతు నాకూ వచ్చేసింది.

"పలారం," అన్నాడు కాకా, నన్నే వెర్రిదానిలా చూస్తూ. "సారు ఉపాసమన్నడు గద బిడ్డా. ఉపాసమంటె బువ్వ ముట్టొద్దు. పలారం గూడ ఇయ్యకుంటె పానం ఎట్ల నిలుస్తది? మా ఇంట్ల శివరాత్రికి గిదే తింటం."

"మరి మొదటిసారి నేను చెప్పినప్పుడు ఏం పెట్టినవ్?"

"నువ్వు ఉపాసమన్నవా? ఒక్కపొద్దన్నవ్. నేను చెప్పేదాక ఇడిపియ్యకు అన్నవ్. నీళ్ళు తప్ప ఏం పెట్టలే. పాపం నీదే అనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇళ్ళలో ఒక్కపొద్దంటే విడిచేదాకా ఏదీ ముట్టరు, ఉపాసమంటే అన్నం మానేసి పండూ గడ్డా తినవచ్చు. సారు మంచి తెలుగు పుణ్యమా అని పస్తుండాల్సిన ఎలుకలు పిండీ తీపీ పట్టించాయి. ఇన్సులిన్ పోటెత్తింది, గ్రాహకాలు పెరగనే లేదు. నా అంకెల్లో తప్పు లేదు. ఎలుకలు తిన్నాయి, అంకెలు తిన్నాయనే చెప్పాయి.

గెనుసుగడ్డ ముక్కను కాగితంలో చుట్టి తీసుకెళ్ళి సారు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన మొహం కాసేపు ఎర్రబడింది, తర్వాత మామూలైంది.

"నువ్వు చూసుకోవద్దూ?" అన్నాడు.

"మీరే పోవద్దన్నరు సార్."

"నోరు పెరిగింది నీకు."

అయినా వేరే దారి లేదు. ఆ విడత ఎలుకలను పక్కన పెట్టి, కొత్త వరుస తెప్పించి, సారు చూస్తుండగానే నేను కాకాతో, "ఒక్కపొద్దు. నేను చెప్పేదాక ఇడిపియ్యకు," అన్నాను. ఈసారి లెక్క మళ్ళీ పైకి పోయింది. ఇంకోసారి చేస్తే ఇంకోసారీ పోయింది.

తర్వాతి సెమినార్‌లో ఆ ఫలితాన్ని సారే చెప్పాడు. "మా మొదటి పరిశీలన సరైనదేనని తేలింది," అన్నాడు. నా మొదటి పరిశీలన ఆయన నోట్లో మా మొదటి పరిశీలన అయిపోయింది. ఉపవాసం సంగతి ఎత్తలేదు. గెనుసుగడ్డల ఊసే లేదు. అందరూ తలలు ఊపారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, మొదటి అంకెలు నేను వండలేదని కూడా చెప్పండి."

ఆరోజు పళ్ళు కనిపించేలా నవ్వినవాళ్ళంతా కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

"కూర్చో," అన్నాడు సారు.

నేను కూర్చోలేదు. ఆయన మిగతా ఉపన్యాసమంతా నన్ను చూడకుండా, నేను నిలబడి ఉండగానే పూర్తిచేసి వెళ్ళిపోయాడు. కాళ్ళు లాగాయి. ఆయన మీద అంత అసహ్యం నాకు అంతకుముందు పుట్టలేదు, ఆ తర్వాత తగ్గలేదు. నా ఫెలోషిప్ ఆగలేదు, పనీ సాగింది. ఆ మాట మాత్రం వెనక్కి రాలేదు.

కొంతకాలానికి సారుకు ఢిల్లీలో పెద్ద ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ప్రయోగశాల ఆవరణలో షామియానా వేసి మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ. పొద్దుటి నుంచి పని మీద ఉండి నేనేమీ తినలేదు. అయినా పంక్తిలో కూర్చోకుండా షామియానా గుంజ దగ్గర నిలబడ్డాను. అందరూ చూస్తున్నారనేమో, సారు తనే ఒక విస్తరాకులో బూరెలు పెట్టించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, తినవేం?" అన్నాడు. గొంతులో మెత్తదనం కొత్తగా ఉంది.

"ఒక్కపొద్దు సార్."

పక్కనున్న ఇద్దరు నవ్వబోయి ఆగిపోయారు. సారు కూడా నవ్వాడు, ఇది పాత వేళాకోళమే అనుకున్నాడు కాబోలు.

"ఎప్పటిదాకానో?"

"మీరు చెప్పేదాక."

చెప్పాల్సిన మాట ఏమిటో ఆయనకు తెలుసు. తెలిసిందని కళ్ళలో కనపడింది. పెదవి కదిలింది కూడా. ఒక్కసారి అటూ ఇటూ, భోంచేస్తున్నవాళ్ళ వైపు చూశాడు. తర్వాత విస్తరాకును పక్కనున్నవాడి చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.