వెనక చక్రాల మీది సీటు

జహ్లే నుంచి బేరూతు వెళ్లే వ్యానులో, ఆస్పత్రి వంటమనిషి వార్దే రోజూ వెనక సీటు మూలకి ఒదిగి కూర్చునేది. భారీ మనిషి. ఆమె ఎక్కగానే, "నీ టైర్లు జాగ్రత్త, నఖ్లే!" అని మిగతా ప్రయాణికులు డ్రైవరుతో వేళాకోళాలు.

ఆ ఉదయం కనుమ దారంతా మంచు. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయే గానీ బండి కదలదు. నఖ్లే వెనక్కి తిరిగి, "అక్కా, వెనక చక్రాల మీద బరువు పడాలి. సీటు మధ్యలో కూర్చుని పుణ్యం కట్టుకో!" అన్నాడు. అందరూ చప్పున జరిగారు. వార్దే మొదటిసారి సుఖంగా కూర్చుంది. బండి కనుమెక్కింది. చప్పట్లే చప్పట్లు.

మర్నాడు ఎండ కాసింది. అందరూ ఎప్పటిలాగే కాళ్లు బారజాపుకున్నారు. వార్దే మూలకి పోలేదు.

"జరగండర్రా," అంది. "మంచు మళ్లీ పడుతుంది."