వేలికి తాకిన ముడి

జమునకు నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ముంబై దగ్గరి టెంఘర్‌లో ఒకే సేఠ్ కార్ఖానాలో దారపు కండెలు చుట్టడంతోనే గడిచిపోయాయి. దారం తెగితే తల కూడా ఎత్తకుండా రెండు కొసలూ పట్టి ముడివేసేది. ఆ ముడి ఎంత చిన్నదంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కన్నులోంచి ఎక్కడా తట్టుకోకుండా జారిపోయేది. అక్కడే సాంచాలనే మరమగ్గాలు నడిపే ఆమె భర్త కనుకయ్య, నలుగురు కలిస్తే చాలు, ఆ ముడి సంగతి ఎత్తేవాడు. గాజులు చేయించలేని మగవాడు పొగడ్తతో సరిపెడుతున్నాడులే అని జమున నవ్వుకునేది. లోపల మాత్రం మురిసిపోయేది.

నిరుడు సేఠ్ సాంచాలను తుక్కు కింద అమ్మేశాడు. కనుకయ్య ఊపిరితిత్తులు అంతకుముందే పాడయ్యాయి, మంచం దిగలేడు. జమున దగ్గర్లోని కాశేలి గోదాములకు పోయి పని అడిగింది. పెట్టెల మీద ఇంగ్లీషు చదవరాదని ఒకచోట, వయసు మీరిందని ఇంకోచోట పంపేశారు. సొంతూరు పోదామంటే అక్కడ గుంట భూమి లేదు.

అప్పుడు వనిత పిలిచింది. వాళ్ళ గల్లీలో పెరిగిన పిల్లే. ముంబైలో ఒక పెద్ద డిజైనర్ దగ్గర పదేళ్ళు పనిచేసి వచ్చి, ఆ డిజైనర్ లెహంగాలకూ దుపట్టాలకూ చివరి చేతిపని ఇక్కడ నలుగురు ఆడవాళ్ళతో చేయిస్తోంది. ఒక్క చోటు ఖాళీ ఉందనీ, రెండు నెలలు నేర్పుతాననీ, పని వస్తే ఆ చోటు నీదేననీ చెప్పింది.

జమున వేళ్ళు నూలుకు కాయలు కాచి ఉన్నాయి. పట్టుబట్ట తాకితే చాలు, పోగు లేచేది. రోజూ కొబ్బరినూనెలో చక్కెర కలిపి రుద్దుకుంది. ఆర్గంజా అనే పలచని పట్టుబట్ట అంచును రెండు వేళ్ళ మధ్య సన్నగా చుట్టి, కుట్టు పైకి కనపడకుండా ఒక్కో పోగూ పట్టి కుట్టాలి. దారం మొదట్లో ముడి వేయకూడదు, ఉన్నచోటనే రెండు చిన్న కుట్లు వేసి నిలపాలి. తెగితే ఆపి, కొత్త దారంతో మళ్ళీ అలాగే మొదలుపెట్టాలి.

"ముడి మాత్రం ఏయకు వదినె," అని వనిత మొదటిరోజే చెప్పింది. "గీ బట్ట అద్దం లెక్క. ఏం దాగది."

మొదటి నెలంతా అంచు వంకరటింకరగా పోయింది. రెండో నెలలో దారికి వచ్చింది. ఒకరోజు వనిత ఆ అంచును మిగతావాళ్ళకు చూపించి, కుట్టు ఇట్లుండాలంది. జమునకు ఆశ పుట్టింది. ఆశకు బుద్ధి ఉంటే జమున ఇంటి ఛాయలకు వచ్చేది కాదు.

పరీక్షగా ఒక దుపట్టా ఇచ్చారు. నాలుగు అంచులూ కుట్టింది. ముంబై నుంచి సరుకు చూసుకోవడానికి వచ్చే డిజైనర్ మనిషి ఓంప్రకాష్ కళ్ళు మూసుకుని అంచును వేళ్ళ మధ్య జార్చాడు. మూడు వైపులా వేలు ఆగలేదు. నాలుగో వైపు రెండుచోట్ల ఆగింది. కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. రెండు ముళ్ళు, ఆవగింజలో సగం కూడా లేవు. ఎప్పుడు వేసిందో జమునకే గుర్తు లేదు. విప్పితే పట్టులో సూది రంధ్రాలు మిగిలిపోతాయి. చేయి మంచిదే కానీ అలవాటు పోదనీ, పోయేదాకా ఆగే తీరిక తనకు లేదనీ అతను హిందీలో వనితకు చెప్పాడు. వనిత తల ఎత్తకుండా ఇంకోసారి చూద్దామంది. ఇంకోసారి ఉండదని ఆమెకూ, జమునకూ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి కనుకయ్య గోడకు ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. చోటు దొరకలేదని చెప్పింది.

"ఎందుకే? ఏమైంది?"

ముడి అని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసింది. ఆ మనిషికి ఇక గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

"కుట్టు వంకరపోయింది," అంది జమున. "నాకు సక్కగ కుట్టరాలే."

"పోనీతీయ్," అన్నాడు కనుకయ్య. "గదే ముడి ఏయమంటే నీ పనితనం సూపెడుతుంటివి."